రాకెట్స్ క్లబ్బులో మిగిలిన కీపర్

మాదాపూర్ గుట్టలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. కంప్యూటర్ల కంపెనీతో నాలుగు రాళ్లు వెనకేసిన యజ్ఞనారాయణగారికి ఉన్నట్టుండి ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది. జీతాలిచ్చి ఆటగాళ్లను తెచ్చి, డెక్కన్ రాకెట్స్ అని క్లబ్బు పెట్టారు. ఒక్క సీజన్, అంతే! క్లబ్బు మూతపడింది. మిగతావాళ్లంతా ఆయన్ని అడిగి, క్లబ్బు నుంచి వదిలేసినట్టు రాయించుకుని వేరే టీముల్లో చేరిపోయారు. గోల్‌కీపర్ వీరేశం మాత్రం, పోతానంటే సార్ నొచ్చుకుంటాడేమోనని నోరు మెదపలేదు. ఆ మొహమాటమే కొంప ముంచింది.

క్లబ్బు పోయాక వీరేశానికి పొద్దంతా కంపెనీ గేటు దగ్గర కాపలా పని. సాయంత్రమయ్యేసరికి యజ్ఞనారాయణగారు టై విప్పి, బూట్లు మార్చి, ఆఫీసు వెనక ఖాళీ జాగాలో వీరేశాన్ని గోల్‌లో నిలబెట్టి బాల్ తన్నేవారు. ఆ తన్నుడు చూస్తే చంటిపిల్లలు కూడా నవ్వుతారు. కానీ జీతమిచ్చే మనిషాయె! వీరేశం మర్యాదకి ఒక పక్కకి పడి, ఇంకో పక్కనుంచి బాల్ పోనిచ్చేవాడు. "గోల్!" అని ఆయన చేతులెత్తి గెంతేవారు.

అంతలో బాలానగర్ ఫ్యాక్టరీ టీమ్ నుంచి కబురొచ్చింది. కీపర్ కావాలి, పర్మనెంట్ నౌకరీ. అయితే ఆటగాణ్ణి వదిలేశామని పాత క్లబ్బు యజమాని శనివారం లోపల ఒప్పుకోవాలి, లేకుంటే తీసుకోకూడదని రూలు. క్లబ్బు పోయినా రూలు పోలేదు, ఏం ఖర్మో!

"గింత పరేషానెందుకు బిడ్డా? జర నోరు తెరిచి అడుగు," అని తల్లి కిష్టమ్మ ఎగదోసింది.

అడిగాడు.

"పంపడానికి నాదేం పోయిందయ్యా?" అన్నారు యజ్ఞనారాయణగారు. "కానీ నా బాలే ఆపలేకపోతున్నావు. అక్కడికెళ్లి మన క్లబ్బు పరువు తీస్తావా? ముందు కాస్త ఫామ్‌లోకి రా."

వీరేశానికి ఒళ్లు మండిపోయింది. "గట్లనా సార్? ఇగ తన్నుండ్రి," అన్నాడు.

ఆ పూట ఒక్కటంటే ఒక్కటి పోనివ్వలేదు. గులకరాళ్ల మీద పడి మోచేతులు చెక్కుకుపోయినా లెక్కచేయలేదు. ఇన్నాళ్లూ అణచుకున్న ఆటంతా బయటికొచ్చింది. ఆఖరి బాల్‌ని గుండెకి హత్తుకుని లేస్తుంటే ఎంత సంబరమో వాడికి!

"ఇప్పుడు పంపుతరా సార్?"

యజ్ఞనారాయణగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. పరుగున వచ్చి వాటేసుకున్నారు. "శభాష్! ఇలాంటి కీపర్ని దగ్గర పెట్టుకుని క్లబ్బు పోయిందని ఏడుస్తున్నాను చూడు, బుద్ధిలేనివాణ్ణి! వచ్చే ఏడు మళ్లీ టీమ్ పెడుతున్నాం. నిన్నెలా వదులుతానయ్యా!"

వీరేశం కాళ్లావేళ్లా పడ్డాడు. ఆయన నవ్వి భుజం తట్టారు. శనివారం దాటిపోయింది. బాలానగర్‌లో ఇంకెవడో చేరాడు.

సోమవారం సాయంత్రం యజ్ఞనారాయణగారు మళ్లీ టై విప్పారు. వీరేశం రెండు కర్రల మధ్య నిలబడ్డాడు. ఆపినా పంపడు, వదిలినా పంపడు. ఎటు పడాలో తోచక కొయ్యబారిపోయాడు. బాల్ తిన్నగా వచ్చి వాడి పొట్టకి తగిలి కాళ్ల దగ్గర పడింది.

"ఓహో, ఏం ఫామయ్యా!" యజ్ఞనారాయణగారు మురిసిపోయారు. "కదలకుండానే ఆపేశావు!"