అక్క కంటే

జపనీస్‌లో పోల్చి చెప్పడం మా చెల్లెలు ప్రమీలకు ఒక్క పూటలో వచ్చేసింది. మన "కంటే" ఎక్కడ పడుతుందో వాళ్ల "యోరి" అక్కడే పడుతుంది, అందరికన్నా మిన్న అనాలంటే "ఇచిబాన్" అంటే చాలు. నాకేమో ఎన్నాళ్లకీ నాలుక తిరగలేదు. అసలు జపాన్ వెళ్లాలన్న కోరిక దానిది. ఖమ్మంలో జపాన్ ఉద్యోగాల కోచింగుకు ఒక్కదాన్నే పంపనని అమ్మ పట్టుబడితే తోడొచ్చిన దాన్ని నేను. ఇద్దరమూ నర్సింగు చదివాం గనక నా పేరూ రాసుకున్నారు.

"ఇంటర్వ్యూలో మీ గురించి మీరే గొప్పగా చెప్పుకోవాలమ్మా. సిగ్గుపడితే ఉద్యోగం రాదు" అనేవారు అక్కడ పాఠం చెప్పే దీపిక మేడం. ఆవిడకేం, చెప్పడం తేలికే. ములకలపల్లి అవతల మా గూడెంలో తునికాకు కోసుకొచ్చాక ఇద్దరి ఆకూ ఒకే కుప్ప పోయించి కట్టలు కట్టించేది అమ్మ. ఎవరిది ఎక్కువో తేలకూడదు. "అన్నం తినేటప్పుడు ఏ వేలు పెద్దదని చూస్తమా?" అనేది. తోబుట్టువు పక్కనుండగా నేనే మెరుగు అనడం మా ఇంట్లో బూతుతో సమానం.

జపాన్‌లో ఒక వృద్ధాశ్రమానికి కావలసిన నర్సు ఒక్కరే. అక్కచెల్లెళ్లమని తెలిసి కంప్యూటర్ ముందు ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టారు. తెర మీది పెద్దావిడ నవ్వుతూ, ఈ పనికి మీలో ఎవరు మెరుగు అని ముందు ప్రమీలనే అడిగింది. అది నా వైపు చూసి చేతులు నలుపుకుంది.

"అనె గా ఇచిబాన్ దెస్" అంది. అక్కే అందరికన్నా మేలు అని.

నన్నడిగితే నేనూ చెల్లెలే మేలని అన్నాను. అన్నానే గానీ నత్తినత్తిగా, సగం తెలుగులో. ఆవిడకది అణకువలా తోచిందేమో. సాయంత్రానికి నా పేరు వచ్చింది. సొంత చెల్లెలే అంత గట్టిగా చెప్పాక ఇంక వేరే సాక్ష్యమెందుకు అన్నారట.

ఇంటికి వస్తుంటే, బస్సు పాల్వంచ దాటేదాకా ప్రమీల కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

"నాకోసమని గట్ల చెప్పినవా?" అని అడిగాను.

"కాదక్కా. నువ్ పక్కనుంటే నోట్లకెళ్లి ఇంకో మాట రాలే." అప్పుడు ఇటు తిరిగింది. "నీకంటే నాకే పోవాలనుండె. నీకంటే నాకే మంచిగొచ్చు."

బుద్ధెరిగాక నాకన్నా తనను ఎక్కువ చేసి అది మాట్లాడడం అదే మొదలు. నేను వెళ్లను, మేడంతో మాట్లాడతానన్నాను.

"నువ్ పోకుంటే ఇంకెవరినో తీస్కుంటరు. నేను తక్కువని నేనే చెప్పిన గద, నన్ను తీస్కోరు" అంది. "నువ్ తోడు రాకుంటే మంచిగుండేదక్కా" అని నా భుజం మీదే తల వాల్చి ఏడ్చింది.