యురేనియం గీత

కాశీరావుగారు కళ్లజోడు సవరించుకుని లేచి నిలబడగానే రేణుక పెన్ను మూత తీసింది. ఎనిమిదేళ్లుగా ఎదురుచూసిన పూట ఇది. తొందరపడి పాడుచేసుకునే ఉద్దేశం ఆమెకు లేదు.

విజయవాడలో ఓ ఇంజనీరింగ్ కాలేజీ సెమినార్ హాలు. రాబోయే పెద్ద టెలిస్కోపుకి బిగించే స్పెక్ట్రోగ్రాఫ్ ఏ ప్రశ్నలకు జవాబు వెతకాలో ఇవాళ తేల్చాలి. నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీసి, అందులోని సన్నటి నల్ల గీతల్ని బట్టి అక్కడ ఏ మూలకం ఉందో చెప్పే పరికరం అది. వచ్చిన లక్ష్యాలు పదకొండు, చోటు ఆరింటికే. ఒకసారి కొట్టేసిన లక్ష్యం మళ్లీ ఈ పరికరం గడప తొక్కదు. కొట్టేసే పెన్ను కమిటీ అధ్యక్షురాలిగా రేణుక చేతిలో ఉంది. అధ్యక్షురాలు సొంతంగా ఏ లక్ష్యమూ ప్రతిపాదించకూడదన్నది నియమం.

అతి ముసలి నక్షత్రాల్లో యురేనియం ఎంత మిగిలిందో కొలిచి వాటి వయసు చెప్పడం కాశీరావుగారి లక్ష్యం. నిజానికి అది ఆయనది కాదు. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసే రోజుల్లో మంగళగిరి ఇంట్లో, నాన్న మగ్గం చప్పుడు మధ్య కూర్చుని రేణుక రాసుకున్నది. ఒకసారి చూసిపెట్టమని చిత్తుప్రతి ఆయనకిచ్చింది. అందులో ఒక అంకె తప్పు పడిందని మర్నాడు గుర్తించి, దిద్దిన కాగితం పట్టుకుని పరుగున వెళ్తే, "టెలిస్కోపు వాళ్లకి పంపించేశానమ్మా" అన్నాడు తాపీగా. దాని మీద ఒక్క పేరే ఉంది, ఆయనది. దిద్దిన కాగితాన్ని ఆమె ఆయన చేతిలో పెట్టలేదు. ఇన్నేళ్లూ అది ఉత్త ఆలోచనగానే ఉండడంతో ఎవరూ అంకెలు తరచి చూడలేదు.

"పరికరం ఏ తరంగదైర్ఘ్యం నుంచి చూడాలంటారు సార్?" అని అడిగింది రేణుక.

"నాలుగొందల నానోమీటర్ల నుంచండీ."

"యురేనియం గీత ఎక్కడుంటుందండీ?"

ఆయన తెర వైపు చూశాడు, చేతిలో కాగితాల వైపు చూశాడు. చివరికి వెనక వరసలోంచి ఎవరో, "మూడొందల ఎనభై ఆరు దగ్గర కదండీ!" అన్నారు. అంటే ఆయన అడుగుతున్న పరికరానికి ఆ గీత కనపడనే కనపడదు. ఆనాడు చిత్తుప్రతిలో తప్పు పడిన అంకె ఆ నాలుగొందలే. ఇంకెవరో కిసుక్కున నవ్వారు. కాశీరావుగారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. రేణుక కడుపు చల్లబడింది.

ఒక్క అంకె మారిస్తే ఆ లక్ష్యం బతుకుతుంది. మార్చమనే అధికారం ఆమెకుంది. మారిస్తే మాత్రం, ఆ నక్షత్రాల వయసు ఆయన పేరుతో పుస్తకాలకెక్కుతుంది. రేణుక ఆ పేజీని ఈ మూల నుంచి ఆ మూలకి కొట్టేసింది.

టీ బల్ల దగ్గర ఆయన పక్కకొచ్చాడు. "ఒక్క అంకె దిద్దితే పోయేదిగా రేణుకా. అది ఎవరి పనో నీకూ తెలుసు, నాకూ తెలుసు. సొంత బిడ్డ గొంతు నులిమేశావు కదమ్మా!"

"నాది కాబట్టే నులిమానండీ. మీ ఒళ్లో పెరగనిస్తాననుకున్నారా?"

ఆయన కప్పు అక్కడే పెట్టేసి వెళ్లిపోయాడు. తను గెలిచిందని రేణుకకు తెలుసు. ఆ నక్షత్రాల వయసు ఈ టెలిస్కోపు ఇక చెప్పదనీ తెలుసు. లోపలికెళ్లి కుర్చీలో కూర్చుంటే ముందున్న అక్షరాలు కనపడలేదు. కళ్లు తుడుచుకుని, తర్వాతి లక్ష్యం ఎవరిదో వాళ్లని రమ్మంది.