గుండెకి మాటు

అది 1984. ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు. చిల్లుపడ్డ గిన్నెలకి మాటేసే అబ్బా ఖాదర్ మొహిద్దీన్, ఆయనకెదురుగా కుర్చీలో డాక్టర్ వెంకటరమణ, లోపలి గదిలో ఆరేళ్ళ ఖమర్జహాన్, దాన్ని నిద్రపుచ్చుతున్న అమ్మీ సైదాబీ, వంటింటి గుమ్మం చాటున ఖమర్ అక్క, పదిహేనేళ్ళ నాగూర్‌బీ. పరాయివాళ్ళ ముందు నాగూర్‌బీకి నోరు పెగలదు.

ఖమర్‌కి పుట్టుకతోనే గుండెలో చిల్లు. కిందటి నెల రాయవేలూరు ఆస్పత్రిలో తొడ నరంలోంచి సన్నటి గొట్టాన్ని గుండె దాకా పంపారు. ఇప్పుడు ఆపరేషన్‌కి తీసుకురమ్మని అక్కణ్ణించి ఉత్తరం వచ్చింది.

"గొట్టం ఎట్టేరు కదా బాబూ, మళ్ళీ కోతేటి?" అబ్బా గొంతు తగ్గించాడు. "దాంతో బాగైపోనాదని ఇంటిదానికి సెప్పేసేను. మొక్కు తీరినాదని ఫాతిహా కూడా ఇప్పించేను."

"అది చిల్లు ఎంతుందో చూడ్డానికే. గొట్టంతోనే బాగుచేసే పద్ధతి పైదేశాల్లో ఇప్పుడిప్పుడే మొదలైంది. ఒళ్ళు కొయ్యక్కర్లేదు, పిల్ల తొందరగా లేస్తుంది. కాని అది వేరే రకం జబ్బుకి. ఈ చిల్లుని ఛాతీ తెరిచి కుట్టాల్సిందే."

"దీనికీ వచ్చీదాకా ఆగుతాం."

"ఎన్నేళ్ళకొస్తుందో? ఈలోగా గుండె పాడైతే కుట్టినా లాభం లేదు."

అబ్బా తల అడ్డంగా ఊపాడు. డాక్టర్ లేవబోయాడు. ఆయన వెళ్ళిపోతే ఖమర్ సంగతి అంతేనని నాగూర్‌బీకి తెలిసిపోయింది.

"అబ్బా," అంది గుమ్మం చాటునుంచే. "నూకరత్నమ్మగారి కూజా కారితే మూతిలోంచి ఊస పెట్టి చిల్లెక్కడో తడిమేవు. మాటు ఊసతోనే ఏసేవా?"

"ఎలాగేత్తాను? అడుగు ఊడదీత్తేనే కదా సెయ్యి పట్టీది."

"మళ్ళీ కారిందా?" అన్నాడు డాక్టర్.

"నానేసిన మాటు కారడవేటి బాబూ?"

అన్నాడు అబ్బా. తన అరచేతులకేసి చూసుకున్నాడు.

"కూజాలో నీళ్ళు వొంపేసి ఏత్తాం మాటు. కొట్టుకుంటన్న గుండెకి ఎలాగేత్తారు?"

"దాన్ని కాసేపు ఆపుతారు. అంతసేపూ దాని పని మిషను చేస్తుంది. కుట్టాక మళ్ళీ కొట్టుకోనిస్తారు."

"ఆపి, మళ్ళీ నడిపిత్తారా?" అబ్బా గొంతులో భయం లేదు. పెద్ద పనివాడి సంగతి విన్న పనివాడి మర్యాద ఉంది. "అయితే సెయ్యి తిరిగినోళ్ళే. ఎల్లుండి మెయిలు బండికి తీసుకెల్తాను."

డాక్టర్ వెళ్ళాక అబ్బా లోపలి గదికేసి నడిచాడు. నాగూర్‌బీ ధైర్యంగా వెనకాలే వెళ్ళింది.

"నువ్వు సెప్పాల్సింది సెప్పేవమ్మా. తప్పు సెప్పినోణ్ణి నాను, మీ అమ్మీకి నానే సెప్పుకోవాల," అని నాగూర్‌బీ మొహం మీదే మెల్లిగా తలుపేశాడు.