తెర అవతలి చెయ్యి

మందుల షాపాయన ఆ మధ్యాహ్నం మూడోసారి కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ వెంటనే అతనికి ఎదురుగా కూర్చున్న తోడల్లుడు ఆఠీను ముక్క వేశాడు. అచ్చుతప్పులమ్మ ఒళ్ళో దాచుకున్న చిన్న నోటుపుస్తకంలో, చూడకుండానే, ఒక గీత గీసింది. ఏడు వారాల్లో అది ఇరవై రెండో గీత.

ఆ పేరు ఆమెకు పేకాట క్లబ్బు పెట్టింది. ముప్పై నాలుగేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. భర్త పోయినప్పుడు వచ్చిన పరామర్శ ఉత్తరాల్లో కూడా ఎర్రసిరాతో తప్పులు దిద్ది తిప్పి పంపిందని క్లబ్బులో చెప్పుకుంటారు. దిద్దిన మాట నిజమే. తిప్పి పంపిందన్నది అబద్ధం.

బ్రిడ్జి ఆటలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ఒకరి చేతిలో ఏముందో రెండోవారికి తెలియదు. చెప్పదలుచుకున్నదంతా ముందు వేలంపాటలా పాడే బిడ్డుతోనూ, ఆ తర్వాత వేసే ముక్కతోనూ చెప్పుకోవాలి. గొంతు సవరించుకునో, కనుబొమ ఎగరేసో చెబితే అది దొంగతనం. ఆమె దృష్టిలో దానికి మరో పేరు లేదు. మేడమీది ఆ హాల్లో ఆరు బల్లలున్నాయి. వాటి చుట్టూ ఉన్న ఇరవై నలుగురిలో చేతులూ కాళ్ళూ కుదురుగా ఉంచుకునేవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. చెడ్డ ముక్కలు పడితే లాయరుగారు కూనిరాగం తీస్తారు. మంచివి పడితే బ్యాంకావిడ బల్ల కింద చెప్పులు విడుస్తుంది. డ్రాయింగు మాస్టారు అబద్ధపు బిడ్డు పాడేముందు తప్పకుండా మంచినీళ్ళు తాగుతారు. వీటన్నిటినీ అందరూ ‘అలవాటు’ అని నవ్వి ఊరుకుంటారు. తాళం తీయడం కూడా దొంగకి అలవాటేనని ఆమె ఒకసారి పైకే అంది. ఎవరూ నవ్వలేదు.

శనివారం నాటి ఆటలో గెలిచిన జట్టు ఈ ఏడాది క్లబ్బు తరఫున బయటి పోటీలకు వెళుతుంది. చివరికి మిగిలినవి రెండు జట్లు: మందుల షాపాయన, లిఫ్టులు బాగుచేసే అతని తోడల్లుడు ఒకటి. ఆమె, ఆమె ఆడపడుచు రెండోది. వెళ్ళడం కన్నా ఆమెకు ముఖ్యమైనది వేరే ఉంది. ఆడపడుచుతో తొమ్మిదేళ్ళుగా ఆడుతోంది. అంతకుముందు పదిహేనేళ్ళు భర్తతో ఆడింది. గోడమీది విజేతల బోర్డులో ఆ దంపతుల పేర్లు ఆరుసార్లు ఉన్నాయి. తన బతుకులో ఎర్రసిరా తగలని పుట ఏదైనా ఉంటే అది ఈ బల్లేనని ఆమె నమ్మకం. దాని ముందు కూర్చుని ఎవరో సైగలు చేసి గెలిచిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాదు.

టీ తాగే వేళ వరండాలో ఆడపడుచు ఆ నోటుపుస్తకం చూసి నుదురు కొట్టుకుంది.

“వదినా, ఆయనకి కళ్ళల్లో నీళ్ళు కారతాయి. తుడుచుకోక ఏం చేస్తాడు పాపం?”

“ఆఠీన్లు ఉన్నప్పుడే కారతాయా నీళ్ళు?”

“అన్నయ్యని కూడా ఇలాగే కాల్చుకు తినేదానివి. పది నిమిషాలు ఆలస్యంగా వస్తే వాంగ్మూలం తీసుకునేదానివి.”

“ఆయన పది నిమిషాలు ఆలస్యంగా ఎప్పుడూ రాలేదు. నలభై నిమిషాలు.”

“అదిగో! దానికీ లెక్కే!”

ఆమె ఫిర్యాదు రాసి కార్యదర్శికి ఇచ్చింది. ఆయన సర్వే శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఏ మాటకైనా ముందు హద్దులు చూసుకుంటాడు. మూడు పేజీలూ చదివి, చివరి పేజీ తిరగేసి, వెనకవైపు ఏమీ లేదని రూఢి చేసుకున్నాడు.

“అమ్మా, ఇది ఫిర్యాదా, తీర్పా?”

“తీర్పు మీరివ్వాలి. తప్పెక్కడుందో నేను చూపించాను, అంతే.”

“అద్దాలు తుడిచాక ఆఠీను పడినవి ఇరవై రెండు. బాగానే ఉంది. తుడిచాక ఇంకో రంగు పడినవి ఎన్ని? అసలు తుడవకుండా ఆఠీను పడినవి ఎన్ని?”

ఆమె నోటుపుస్తకం తిరగేసింది. “ఆ లెక్క తీయలేదు,” అంది. ఆ మూడు మాటలు పలకడం ఆమెకు పన్ను పీకించుకున్నంత పని అయింది. అయినా కాగితాలు వెనక్కి తీసుకోలేదు.

ఆ అనుమానానికి కార్యదర్శి మాటలతో మందు వెయ్యలేదు. పెద్ద పోటీల్లో వాడే పద్ధతి తెచ్చాడు. శనివారం నాటికి బల్లమీద మూల నుంచి మూలకు చెక్క చట్రం, దానికి మందపాటి గుడ్డ తెర వెలిసింది. ప్రతి మనిషికీ ప్రత్యర్థుల్లో ఒకరే కనబడతారు. సొంత జట్టు మనిషి మాత్రం కనబడడు. వేసిన ముక్కలు అందరికీ తెలిసేలా తెర అడుగున జానెడు సందు ఉంచారు.

తోడల్లుళ్ళిద్దరూ తెరను అటూ ఇటూ తిరిగి చూశారు. ఫిర్యాదు ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

“కట్టండి, కట్టండి,” అన్నాడు మందుల షాపాయన. “వీడి మొహం చూడకుండా మూడు గంటలు గడపడం కన్నా నాకు కావలసిందేముంది?”

“నీ మొహం చూసి ఆడితే ఈపాటికి ఆట మానేసేవాణ్ణి అన్నయ్యా,” అన్నాడు చిన్న తోడల్లుడు.

ఆట మొదలైంది. మొత్తం పదహారు పంపకాలు. తెరకు ఆమె వైపున మందుల షాపాయన కూర్చున్నాడు. కనబడేది అతనొక్కడే కావడంతో మొదటిసారిగా ఆమె అతని మొహాన్ని మూరెడు దూరం నుంచి నిదానించి చూసింది. రెప్పల అంచులు ఎర్రగా వాచి ఉన్నాయి. నీరు నిజంగానే కారుతోంది. అద్దాలు తుడిచాడు. తెర అవతలి తోడల్లుడికి ఆ సంగతి తెలిసే దారి లేదు. అయినా అతను వేయవలసిన ముక్కే వేశాడు. మందుల షాపాయన మళ్ళీ తుడిచాడు. ఈసారి కళావరు పడింది. అదీ సరైన ముక్కే. ఆరో పంపకం ముగిసేసరికి ఆమెకు ఒక విషయం తేటతెల్లమైంది. వాళ్ళు ఎప్పుడూ ఎలా ఆడతారో ఇప్పుడూ అలాగే ఆడుతున్నారు.

అలా ఆడనిది తన జట్టే.

ఇస్పేటు రాజు, రాణి తన చేతిలో ఉన్నాయి. ఆ సంగతి తెలిసేలా బిడ్డు పాడింది. తెర అవతల ఆడపడుచు ఇస్పేటు వేస్తే చాలు. సందులోంచి చూసింది. ఆడపడుచు చెయ్యి ఒక ముక్క మీదికి వెళ్ళి, వెనక్కి వచ్చి, ఇంకో ముక్క మీద ఆగి, చివరికి డైమను వేసింది. తొమ్మిదేళ్ళలో ఎన్నడూ అలా వేయలేదు. తర్వాతి పంపకంలో అక్కరలేని చోట తురుఫు పారేసింది. ఆ తర్వాత బిడ్డే తప్పు పాడింది. తెర అవతల నుంచి దీర్ఘంగా నిట్టూర్పు వినబడింది. పదహారింటిలో పన్నెండు పోయాయి.

“తెర కొత్తగదమ్మా, అందుకే,” అన్నాడు మందుల షాపాయన లేస్తూ. ఆ జాలిలో వెటకారం వెతికింది ఆమె. దొరకలేదు. అది మరింత మండించింది.

మెట్లమీద ఆడపడుచును ఆపింది.

“ఏమైంది నీకివాళ?”

“నాకేం కనబడలేదు వదినా.”

“సందులోంచి ముక్కలన్నీ కనబడుతూనే ఉన్నాయి.”

“ముక్కలు కాదు. నీ బొటనవేలు.”

ఆమెకు అర్థం కాలేదు. ఆడపడుచు చేతులు రెండూ విసనకర్రలా పట్టి చూపించింది. “నువ్వెప్పుడూ ఒకే వరసలో పేరుస్తావు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. పేర్చాక బొటనవేలు అంచు వెంట ఇలా పోతుంది, ప్రూఫు చదివినట్టు. పెద్ద ముక్క దగ్గర ఆగుతుంది. ఎక్కడ ఆగిందో చూస్తే రంగు తెలిసిపోతుంది. ఎంతసేపు ఆగిందో చూస్తే రాజో రాణో తెలుస్తుంది.”

“నువ్వు అది చూసి ఆడుతున్నావా?”

“మరి? అన్నయ్యే చెప్పాడుగా. ‘మీ వదిన బిడ్డు వినకు, బొటనవేలు చూడు’ అని. నీకు తెలుసనే అనుకున్నా.”

“తెలిస్తే చేస్తానా?”

“తెలియకుండానే ఇరవై నాలుగేళ్ళు చేశావా?” ఆడపడుచు నిజంగానే ఆశ్చర్యపోయింది. “మూడు పేజీలు రాశావే ఆ పెద్దాయన మీద!”

ఆమె మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడింది. ‘నీ చేతిలో ఏముందో నాకిట్టే తెలిసిపోతుంది’ అని భర్త ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. ఆమె లెక్కపెట్టని మాట బహుశా అదొక్కటే. దాన్ని ప్రేమ అనుకుంది. పదిహేనేళ్ళు అనుకుంది. ఆయన పోయాక కూడా అనుకుంది. మనిషి ఎదురుగా ఉండి ఉంటే ఆ సాయంత్రం ఆయనకు వాంగ్మూలం ఇవ్వక తప్పేది కాదు.

మర్నాడు మరో ఉత్తరం రాసింది. ఈసారి ఒక్క పేజీ. మొదటి ఫిర్యాదు తప్పు, తోడల్లుళ్ళిద్దరికీ క్షమాపణ. సైగలతో ఆడిన జట్టు తమది. బోర్డుమీది ఆరు గెలుపులూ చెల్లవు. పంపే ముందు ఆడపడుచుకు చూపించింది.

“నా పేరు రాశావు, సరే. పోయినవాడి పేరు కూడానా వదినా?”

“ముందు ఆయన పేరే రాశాను. నేర్పినవాడు ఆయన.”

“నీ గుండె రాయి.”

“రాయే. చదువు, ఎక్కడైనా తప్పుందేమో.”

ఆడపడుచు కాగితం బల్లమీదికి విసిరి వెళ్ళిపోయింది. తప్పేమీ లేదు.

కార్యదర్శి ఆ ఉత్తరాన్ని కూడా వెనకవైపు తిరగేసి చూశాడు. వదినా ఆడపడుచులు ఒక ఏడాది పాటు ఒకే జట్టుగా కూర్చోకూడదన్నాడు. బోర్డుమీద పేర్లు చెరిపితే రంగు ఊడుతుంది కాబట్టి పక్కన చుక్క గుర్తు పెట్టిస్తానన్నాడు.

“చుక్క పెడితే అడుగున వివరణ కూడా ఉండాలి,” అంది ఆమె.

“వివరణ మీరే రాసివ్వండమ్మా,” అన్నాడాయన నీరసంగా. ఆమె అక్కడికక్కడే రాసిచ్చింది.

ఆడపడుచు పన్నెండు రోజులు ఫోను ఎత్తలేదు. పదమూడో రోజు మధ్యాహ్నం అచ్చుతప్పులమ్మ హాల్లోకి వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. ఎదురుగా ఇప్పుడు లాయరుగారు. ముక్కలు ఇంకా పంచకముందే కూనిరాగం మొదలుపెట్టారు. విననట్టు ఉండాలని ఆమె నిశ్చయించుకుంది. చెవులకు తెర కట్టే పద్ధతి ఎవరూ కనిపెట్టలేదు. ఇంతలో ఎడమవైపు కుర్చీ చప్పుడైంది. ఆడపడుచు కూర్చుంది. ఆడపడుచుకు ఎదుటి కుర్చీలోకి కార్యదర్శి వచ్చి కూర్చున్నాడు.

“ఇదేమిటి?”

“ఏం, కూర్చోకూడదా? ఈయన్ని అడిగే కూర్చున్నా. సొంత జట్టు మనిషి అలవాటు చూసి ఆడకూడదట. అవతలి జట్టు వాళ్ళది ఎంతైనా చూసుకోవచ్చట.” ఆడపడుచు చేతిసంచీ కుర్చీకి తగిలించింది. “నిన్ను చూడకుండా నాకు ఆట రాదు వదినా. ఏం చెయ్యమంటావు? ఇటొచ్చి కూర్చున్నా.”

ఆమె కార్యదర్శి వైపు చూసింది. ఆయన పైనున్న ఫ్యాను వైపు చూస్తున్నాడు. నియమం అదే. ఆమెకు తెలియనిది కాదు.

ముక్కలు పంచారు. ఆమె వాటిని ఎప్పటి వరసలో కాక చిందరవందరగా పేర్చుకుంది. తన చేతిని ఎవరో పరాయి మనిషి చేతిని కనిపెట్టినట్టు కనిపెడుతూ కూర్చుంది. బొటనవేలు లేచింది. పట్టుకుని ముక్కల వెనక మడిచేసింది.

“దాచావా?” అంది ఆడపడుచు, ముక్కలమీద నుంచి తల ఎత్తకుండానే. “అయితే ఆఠీను రాణి నీ దగ్గరే ఉంది.”

“ఆట ఆడు.”

“ఆడుతున్నాగా.”

మూడు పట్టుల తర్వాత ఆడపడుచు ఆఠీను ఆసు వేసి, వెంటనే రాజు వేసింది. ఉన్నంతవరకు పడిన రంగే వేయాలి; అచ్చుతప్పులమ్మ చేతిలో ఆ రంగులో మిగిలింది ఒక్కటే ముక్క. బొటనవేలు విప్పి, రాణిని తీసి బల్లమీద పెట్టింది.