ముత్యాలప్ప బండిలో పసుపు లైటు

ముత్యాలప్ప రోజూ తెల్లారి ధర్మవరం పక్క పల్లెల్లో పట్టుగూళ్ల సంచులు ఎత్తుకొని, పెనుకొండ మీదుగా హిందూపురం మార్కెట్టుకు పోతాడు. వేలం మొదలయ్యేలోపల చేరల్ల. బండి పద్నాలుగేండ్ల పాత పెట్రోలు ట్రక్కు, చిన్నది. గూళ్లు ఎవురివో ఆ రైతు కూడా వస్తాడు, అయితే ఎనకాల సంచుల మధ్యనే కూర్చోవల్ల. ముందర పక్కసీటు ఎవురికీ ఇయ్యడు. అది పెండ్లాం నీలావతిది. ఆమె పోయి మూడేండ్లాయ. ఊదారంగు స్వెటరు ఇంకా ఆ సీటు మీదే ఉండాది.

బండికి ఒక అలవాటు. ముత్యాలప్ప ఒంటిగా కూర్చుంటే స్టీరింగు ముందర పసుపు ఇంజను లైటు ఎలుగుతాది. పక్కన మనిషుంటే ఆరిపోతాది. పెనుకొండలో టీ పోసే వసుంధరకూ తెలుసు.

"ఈపొద్దు కూడా ఎలిగిందా అన్నా?"

"ఎలిగింది."

అంతే, గ్లాసు చేతికిస్తాది.

లైటు ఎలిగితే మాత్రం గుట్ట ఎక్కుడులో బండి ఈడ్చుకుంటాది. ఈ నెలలో రెండుసార్లు వేలం అయిపోయినాక చేరినాడు. రైతులు వేరే బండ్లు మాట్లాడుకుంటాండారు.

హిందూపురం మెకానిక్ సంతోష్ పక్కన ఎక్కబోతే, ముత్యాలప్ప స్వెటరు తీసి ఒళ్లో పెట్టుకున్న్యాడు. సంతోష్ ఎక్కినాడు, లైటు ఆరింది. దిగినాడు, ఎలిగింది.

"పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సార్లు రెండుంటాయి మామా. బండి ఊపిరి చూసేటివి. రెండూ మారిస్తే ఇంక ఎలగదు. నువ్వు ఒంటిగా ఉండావా, ఇద్దరుండారా అని కొత్తవి చూడవు."

"చూడవా?"

"వాటికేం పని. తెప్పించేదా?"

నేను ఒంటిగా ఉండానని చూసేది ఇదొక్కటే కదా అనుకున్న్యాడు ముత్యాలప్ప.

"రేపు చెప్తాలే."

మర్నాడు హనుమక్క గూళ్లు. ఆమె ఎనకాల సంచుల మధ్య కూర్చునింది. పెనుకొండ ఎక్కుడులో ఎనకాల వచ్చే బండి ఒకటి దాటుకొని పోయింది. ఆమె రేకు మీద దబదబా కొట్టింది.

"ఏమప్పా, బండి పోతాందా, నిద్ర పోతాందా?"

నిలిపినాడు. వద్దనేలోపల ఆమె దిగొచ్చి, ఎడమ తలుపు తీసి, స్వెటరు చేతికెత్తుకొని కూర్చునింది.

"ఎవురిదిది?"

"మా ఇంటామెది."

"ఎనకాల గాలికి ఎముకలు పట్టుకపోయినాయి. ఏసుకుంటాండా." ఏసుకునింది. "పురుగులకు నెల పొడుగునా ఆకేసి సాకినా. పొద్దుబోయి పోతే నన్నెవురు చూస్తారు ఆడ? పోనీ."

లైటు ఆరింది. బండి గట్టిగా ఊపిరి తీసుకున్నట్ల ఎక్కుడెక్కింది. దోవ పొడుగునా హనుమక్క కోడలి మీద చాడీలు చెప్తానే ఉండాది. ముత్యాలప్ప ఊ కొడతానే ఉన్న్యాడు. వేలం మొదలుకాకముందే చేరినారు.

గూళ్లు అమ్ముడుపోయినాక హనుమక్క లేపాక్షిలో కూతురింటికి బస్సెక్కింది, స్వెటరుతోనే. ఆమె మర్చిపోయింది. అతను అడగలేదు.

సంతోష్ సెన్సార్ల డబ్బా పట్టుకొచ్చినాడు. "తెచ్చినా మామా. ఏసేదా?"

"ఉండనీ."

ఊరు దాటేసరికి లైటు ఎలిగింది. పక్కసీటు ఉత్తగా ఉండాది. దోవ పక్కన సంచి పట్టుకొని ఒకాయన నిలబడినాడు. ముత్యాలప్ప దాటిపోయినాడు. కొంచెం దూరం పోయి, నిలిపి, రివర్సు ఏసినాడు.

వంగి ఎడమ తలుపు తీసినాడు. 

"యాడికి పోవల్లప్పా?"