సోహ్నా కొండ కింద ప్రార్థన

2008 మార్చి నెలలో ఒక ఆదివారం ఉదయం, సోహ్నా కొండ దిగువన రోడ్డుకు అడ్డంగా సున్నంతో గీసిన గీత దగ్గర ఉన్నవారు ఈ విధంగా నిలిచి ఉన్నారు. గీతకు సరిగ్గా ఎదురుగా, కుర్చీ ఇచ్చినా కూర్చోకుండా, స్టాప్‌వాచీతో నేను. నా ఎడమ పక్కన ఎర్రజెండాతో నిర్వాహకుడు మల్లికార్జున. గీత దాటి నాలుగడుగుల పైన వేపచెట్టు నీడలో, ఘాజియాబాద్ తెలుగు క్రైస్తవ సంఘం పెద్ద ఆనందబాబు గారు. ఆయనకు ఒక అడుగు వెనుక ఆయన భార్య దయావతి గారు. వారి వెనుక సంఘస్థులు అయిదారుగురు. ఈ వరుసను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉన్నది. ఆనందబాబు గారు గీతకు ఇవతల నిలబడి ఉంటే చెప్పవలసిన కథే ఉండేది కాదు.

నా పేరు సదాశివరావు. రైల్వేలో బండ్ల రాకపోకలు చూసే విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిపి, గుర్‌గాఁవ్‌లో స్థిరపడినవాణ్ణి. సైకిలు తొక్కే వయసు దాటిపోయింది. అయితే మా పేటలోని సైక్లింగ్ క్లబ్బు యువకులు ఆరు గంటలకని ప్రకటించిన తమ మొదటి యాత్రను ఆరున్నరకు ప్రారంభించిన నాడు, నేను వీధిలోనే వారిని మందలించాను. మరుసటి సంవత్సరం వారే వచ్చి, సమయ నిర్ణాయకుడిగా ఉండమని కోరారు. కొంత సంతోషంతోనే అంగీకరించానని ఒప్పుకుంటాను.

యాత్ర నూట ఇరవై కిలోమీటర్లు. గుర్‌గాఁవ్‌లో తెల్లవారుతుండగా బయలుదేరి, ఆరావళి గుట్టల మధ్యగా తిరిగి, మళ్ళీ గుర్‌గాఁవ్ చేరాలి. దారిలో రెండు ఎత్తులకు విడిగా సమయం లెక్కిస్తారు. చక్రం దిగువ గీతను దాటిన క్షణం నుంచి కొండపైని గీతను దాటే క్షణం వరకు ఎంత పట్టిందన్నదే లెక్క. మహిళలకు సోహ్నా కొండపై పావుగంట గడువు. రెండు ఎత్తులనూ గడువులోపల ఎక్కినవారు అక్టోబరులో క్లబ్బు తరఫున హిమాచల్ పర్వతయాత్రకు వెళతారు.

ఆనందబాబు గారి కుమార్తె కెరెన్ ఆ యాత్రకు వెళ్ళాలని ఏడాదిగా సాధన చేస్తున్నది. ఆమె గుర్‌గాఁవ్‌లోని ఒక ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి, నిద్రకు ముందు గంటసేపు సైకిలు తొక్కే మనిషి. చిక్కు ఎక్కడంటే, క్లబ్బు సాధన ఆదివారాలు. ఆదివారం ఆరాధనకు రాని కూతురి గురించి సంఘంలో నలుగురూ అడుగుతుంటే, సంఘపెద్ద ఏమని జవాబు చెప్పగలడు? చివరకు తండ్రీకూతుళ్ళ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఈ ఒక్క ఆదివారానికి ఆయన అనుమతి ఇచ్చారు. ఎంపికైతే అక్టోబరు మాట ఆలోచిస్తారు. కాకపోతే సైకిలు తమ్ముడికి ఇచ్చివేయాలి. ఈ సంగతి కెరెనే నాకు చెప్పింది. “పప్పా రారు అంకుల్. సైకిల్ అంటేనే మొహం తిప్పేసుకుంటారు,” అని కూడా చెప్పింది.

కాని ఆయన వచ్చారు. ఆనాటి ఆరాధన గుర్‌గాఁవ్‌లో ఒక సభ్యుని ఇంట్లో ఏర్పాటైంది. దయావతి గారు పట్టుబట్టి, వ్యానును ముందుగా ఇటు మళ్ళించారట. ఆయన నాకు నమస్కరించి, నీడ ఉన్న చోటు చూసుకొని నిలబడ్డారు. ఆ నీడ గీతకు అవతల పడింది. ఒక్క ప్రేక్షకుడు ఎక్కడ నిలబడితే ఏమని నేనూ ఊరుకున్నాను.

కెరెన్ మలుపు తిరిగి వచ్చింది. మొదటి ఎత్తును గడువులోపలే ఎక్కిందని అంతకుముందే ఫోనులో తెలిసింది. మంచి వేగంతో గీతను దాటింది. నేను మీట నొక్కాను. అదే క్షణంలో ఆమె తండ్రిని చూసింది. చూసి, రెండు బ్రేకులూ పట్టేసింది.

“పప్పా! ఆప్ ఆయే? మీరొచ్చారా?”

“రా అమ్మా, రా. ప్రార్థన చేసుకుని వెళ్దువుగాని,” అన్నారు ఆయన. కుడిచెయ్యి చాచి ఆమె హెల్మెట్ మీద ఉంచారు.

వారి ఇంట్లో వీధి చివరి దుకాణానికి తప్ప ఎక్కడికి బయలుదేరినా ప్రార్థన లేకుండా గడప దాటరు. ఏడాది పొడుగునా ఆ అమ్మాయి సైకిలెక్కి వెళ్ళినప్పుడు మాత్రం ఆ చెయ్యి లేవలేదు. ఇప్పుడు లేచింది. కెరెన్ ఒక్కసారి వెనుదిరిగి నా చేతిలోని గడియారం వైపు చూసింది. తరువాత తల వంచి కళ్ళు మూసుకున్నది.

“ప్రేమగల పరలోకపు తండ్రీ! ఈ ఉదయకాలమందు నీ పాదసన్నిధికి వచ్చుచున్నాము. గత రాత్రి అంతయు మమ్మును కాపాడి, యమునా వంతెన దాటించి, క్షేమముగా ఇచ్చటికి చేర్చినందుకు నీకు స్తోత్రములు...”

“స్తోత్రం!” అన్నారు వెనుకనున్న సంఘస్థులు.

మల్లికార్జున నా చెవి దగ్గరకు వచ్చాడు. “సార్, జర గడియారం ఆపున్రి సార్.”

“ఎందుకు ఆపాలి?”

“ప్రార్థన నడుస్తున్నది గద! ఆ పిల్ల తప్పేమున్నది?”

“టైరు పంక్చరైతే ఆపుతామా?”

“ఆపం.”

“దీనికీ ఆపము.”

“పంక్చరు, ప్రార్థన ఒక్కటేనా సార్?”

“గడియారానికి ఒక్కటే.”

“మీతోని కాదు సార్,” అని అతడు జెండాను చంకలో పెట్టుకొని, వేళ్ళు విరుచుకోసాగాడు.

నా నిర్ణయం కఠినమైనదే. అయినా సరైనదే. ఒకరికి ఆపిన గడియారం తక్కినవారందరి కష్టాన్నీ అబద్ధం చేస్తుంది. అలా దక్కిన స్థానం కెరెన్‌కు మాత్రం ఏమి సంతోషం ఇస్తుంది? ఇక ప్రార్థనకు అడ్డుపడదామంటే, ఆ అధికారం సమయ నిర్ణాయకునికి లేదు. కాబట్టి నేను ముల్లును చూస్తూ నిలబడ్డాను.

ఆనందబాబు గారి ప్రార్థన తన సహజమైన దారిలో సాగుతున్నది. నరసాపురంలో తన తల్లిగారి మోకాళ్ళు వచ్చాయి. బావమరిది బదిలీ వచ్చింది. ఢిల్లీ ఆసుపత్రులలోని రోగులందరూ, వారికి సేవ చేసే సిస్టర్లందరూ వచ్చారు. సైకిలు ప్రస్తావన ఇంకా రాలేదు. మరొక పోటీదారు గీతను దాటి, వీరిని చూసి, గడియారం నడుస్తూనే ఉన్నదని తొక్కుతూనే కేక వేశాడు: “దీదీ, మీటర్ చాలూ హై!”

కెరెన్ రెప్పలు అదిరాయి. కాని కళ్ళు తెరవలేదు. ఒక కాలితో మాత్రం పెడల్‌ను వెనక్కి తిప్పి పైకి తెచ్చి ఉంచింది. ఆ చెయ్యి కింద నుంచి తల తీయడమంటే ఆమెకు ఏమిటో, తీయకపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. నోరు మెదపలేని స్థానంలో ఉండడం ఎంత కష్టమో ఆ ఒక్క నిమిషంలో తెలిసివచ్చింది.

“మరియు ఈ దేశమును పాలించు అధికారులను జ్ఞాపకము చేసుకొనుచున్నాము తండ్రీ. వారికి మంచి మనస్సు...”

“ఆమేన్!”

దయావతి గారి గొంతు. ఆమె కూడా నర్సుగా పనిచేసి రిటైరైనవారే. వార్డులో ఒక చివర నుంచి మరొక చివరకు వినిపించిన గొంతు అది. అలవాటు ఎంత బలమైనదో చూడండి, వెనుకనున్న వారందరూ ఒక్కసారిగా “ఆమేన్!” అన్నారు. వారితో పాటు ఆనందబాబు గారి నోటి నుంచీ ఆ మాట వచ్చేసింది. అన్న తరువాత ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు.

“ఎక్కవే! ఎక్కు, ఎక్కు!” అన్నారు దయావతి గారు.

కెరెన్ అప్పటికే పెడళ్ళ మీద లేచి నిలబడింది. ముందుకు వంగి, సైకిలును అటూ ఇటూ ఊపుతూ, ఇటుకల లారీని దాటి మొదటి మలుపు వెనుక కనబడకుండా పోయింది.

“ఏమిటి దయా ఇది!” ఆనందబాబు గారి ముఖం ఎర్రబడింది. “సంఘం ముందర! ఇంకా పిల్లదాని పేరైనా ఎత్తలేదు నేను!”

“అది ఎక్కుతూ ఉంటుంది, మీరు చేస్తూ ఉండండి. ఎవరు వద్దన్నారు? కింద నుంచి చేస్తే దేవుడికి వినబడదా ఏమిటి?”

మల్లికార్జున నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. నేను ఆనందబాబు గారికి గీతను చూపించి, నియమం వివరించాను. ఆయన సున్నపు గీతను, తాను నిలబడిన చోటును మార్చి మార్చి చూశారు.

“అంటే దాన్ని నేనే ఆపేశానా అండీ?”

“అవునండీ,” అన్నాను. మర్యాద కోసం అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

ఆయన కళ్ళు మూసుకోకుండానే, మలుపు వైపు చూస్తూ అన్నారు: “ప్రభువా, దాని కాళ్ళకు బలమియ్యి. ఆమేన్.”

“ఇంత చిన్న ప్రార్థన మీకు వచ్చని నాకు తెలియదు సుమండీ,” అన్నారు దయావతి గారు. కాని ఆమె పమిట కొంగు పిడికిలిలో నలిగిపోయి ఉన్నది.

కొండపైన, నా గడియారంతో సరిచూసుకున్న మరొక గడియారంతో ఉన్న అమ్మాయి వైశాలి. ఆమె ఫోను వచ్చే వరకు అందరమూ ఆ మలుపు వైపే చూస్తూ నిలబడ్డాము. “అంకుల్, కెరెన్ దాటేసింది. పడిపోయేలా ఉంది, పట్టుకున్నాం,” అని చెప్పి, తన గడియారంలోని సమయం చదివింది. నేను లెక్క వేశాను. మళ్ళీ వేశాను. నా వృత్తిలో ఒక్కసారి వేసిన లెక్కను పైకి చెప్పకూడదు.

“గడువు లోపలే,” అన్నాను. “పన్నెండు సెకన్లు మిగిలాయి.”

“మీ ప్రార్థనల ఇంకొక్క చుట్టమొస్తే పోతుండె అంకుల్!” అని మల్లికార్జున ఆనందబాబు గారి చేతులు పట్టుకొని ఊపేశాడు. సంఘస్థులు చప్పట్లు కొట్టారు. ఆనందబాబు గారు నవ్వలేదు. నా దగ్గరకు వచ్చి, కొంచెం తగ్గుస్వరంతో అడిగారు.

“అక్టోబరులో హిమాచల్‌లో చలి ఎక్కువే ఉంటుందా అండీ?”

“ఉంటుందండీ. ఉన్ని బట్టలు కావాలి.”

“మధ్యలో ఆదివారం వస్తుందా?”

“ఒకటి వస్తుంది.”

ఆయన ఆలోచించారు. “అక్కడ కూడా ప్రార్థించుకోవచ్చు లెండి,” అని, భార్య వైపు తిరిగి, “దయా, దానికి మందపాటి స్వెటరొకటి అల్లు,” అన్నారు. తరువాత అందరూ వ్యానెక్కి ఆరాధనకు వెళ్ళిపోయారు. కెరెన్ మిగిలిన దూరం పూర్తిచేసి, మధ్యాహ్నానికి గుర్‌గాఁవ్ చేరింది.

ఆ ‘ఆమేన్’ను బయటి సహాయంగా పరిగణించాలా అని ఆ సాయంత్రం ఒక క్లబ్బు సభ్యుడు ప్రశ్నించాడు. ఎవరూ సైకిలును తాకలేదు, తొయ్యలేదు, కనుక అది సహాయం కాదని సమయ నిర్ణాయకునిగా తీర్పు చెప్పాను. ఆ తీర్పుకు నేటికీ కట్టుబడి ఉన్నాను. అయితే నియమం చెప్పేది వేరు, మనిషిగా నేను చెప్పవలసినది వేరు. ముప్పై ఏళ్ళ దాంపత్యంలో భర్త ప్రార్థనకు ఒక్కనాడూ అడ్డుచెప్పని ఇల్లాలు, తన సంఘం ఎదుట, మాట పడటానికి సిద్ధపడి, కూతురి కోసం ఆ ఒక్క మాట పలికింది. గడియారం ఆపకుండా, ఆశీర్వాదాన్ని తిరస్కరించకుండా, ఆ ఉదయం చేయదగిన పని అదొక్కటే. అక్కడ ఉన్న మాలో మరెవ్వరికీ అది తోచలేదు. అందుకు శ్రీమతి దయావతి గారికి, సోహ్నా కొండ దిగువ గీత వద్ద బాధ్యత వహించిన అధికారిగా, నా గౌరవపూర్వకమైన కృతజ్ఞతను ఇందుమూలముగా తెలియజేస్తున్నాను.