ఎడమ మూలలో ఆడే కల్యాణ్

మానవ నాగరికత సాధించిన మహోన్నత విజయాలలో, సున్నపు పొడితో నేలమీద తిన్నగా గీత గీయడం ఒకటి. రాజ్యాలు అలాగే పుట్టాయి. ప్లాట్లూ అలాగే పుడుతున్నాయి. కనుక భూపాలపల్లి దాపున ఉన్న గుట్టకింది తండా బయలులో ఇద్దరు కూలీలు తాడు పట్టుకుని సున్నం చల్లుతూ నడిచిన ఉదయాన, చరిత్ర మరొకసారి పనిలోకి దిగిందని గ్రహించవలసి ఉంది. గీతలు గీయించినవాడు కాంట్రాక్టరు ఎల్లస్వామి. బయలును వేలం వేస్తున్నది ప్రభుత్వం. ఆ గీతల కింద పడి చెరిగిపోయింది పిల్లల కబడ్డీ బరి.

తండాకు అంతకుముందు వేరే బయలు ఉండేది. రోడ్డు కోసమని ఈ ఎల్లస్వామే అక్కడ మొరం తవ్వుకుపోయాడు. మిగిలిన గుంత వానలకు నిండింది. వేరే చోటు లేక పిల్లలు ఆ గుంత గట్టుమీదే బరి గీసుకున్నారు. ఒక ముసురు రోజున, ఎడమ మూలలో ఆడే కల్యాణ్, కూతకు వచ్చినవాడి చేతికి అందకుండా వెనక్కి జరిగాడు. వెనక గీత ఉండవలసిన చోట నీళ్లున్నాయి. శవాన్ని పెట్టుకుని జనం రోడ్డుమీద కూర్చుంటే, అప్పుడు ప్రభుత్వం ఈ బయలును పిల్లలకు విడిచింది.

అప్పటినుంచి తండా జట్టుకు ఒక ఆచారం ఏర్పడింది. ఏడుగురి పేర్లు పిలుస్తారు, ఆరుగురు దిగుతారు. ఎడమ మూలలో ఎవరూ నిలబడరు. కల్యాణ్ అవుటై గీత బయట కూర్చున్నాడని లెక్క. తమకు పాయింటు రాగానే, ఆట నియమం ప్రకారం అతన్నే మొదట లోపలికి పిలుస్తారు. పిలిచి, ఒక మనిషి నడిచి రావడానికి పట్టేంత సేపు ఆగుతారు. ఆ తర్వాత ఆట సాగుతుంది. పొరుగూళ్ల జట్లు మొదట్లో నవ్వాయి. ఇప్పుడు అవీ ఆగుతున్నాయి. కల్యాణ్ తల్లి కాళి ఏ పనిలో ఉన్నా, ఆ పిలుపు వినబడితే తల తిప్పి చూస్తుంది.

ఇక ప్రజాస్వామ్యం సంగతి. ఆటస్థలం అమ్మేముందు జనాన్నీ పిల్లలనూ సంప్రదించాలని పైనుంచి ఉత్తర్వు ఉంది. వేలం అధికారి దాన్ని శిరసావహించాడు. షామియానా వేయించి, రంగు పెన్సిళ్లూ బిస్కెట్ పొట్లాలూ పంచి, ‘నా కలల వాణిజ్య సముదాయం’ అనే అంశంపై చిత్రలేఖనం పోటీ పెట్టించాడు. పిల్లలు బిస్కెట్లు తిన్నారు. అందరూ కబడ్డీ బరే గీశారు. ప్రతి బొమ్మలోనూ ఎడమ మూల ఖాళీగా ఉంది. ఆ చోట మనిషిని గీయడం మరిచారని న్యాయనిర్ణేత అందరికీ మార్కులు తగ్గించాడు.

ఆ సాయంత్రం తండాలో సభ జరిగింది. తండా పెద్ద మాన్‌సింగ్ అప్పటికే మెత్తబడి ఉన్నాడు. దుకాణాలు లేస్తే కాపలా పనులు దొరుకుతాయని, ఎల్లస్వామి గుడి కట్టిస్తానన్నాడని, సర్కారు భూమిని మనం ఎన్నాళ్లు ఆపగలమని వాదించాడు. కాపలా కాసేవాడు ఆ దుకాణంలో ఏం కొనగలడో చెప్పమని ఆటో నడిపే రమేశ్ అడిగితే నవ్వులు లేచాయి. అప్పుడు కాళి లేచింది. నవ్వులు ఆగాయి.

“ఆట ఆగదు, బాపు. గీ బయలు పోతే పోరగాండ్లు మల్ల గా గుంత గట్టుకే పోతరు. నా చిన్నబిడ్డ సుమన గూడ ఆడుతది. గీపారి ఏ మూల ఖాళీ అయితదో నువ్వే చెప్పు.”

మాన్‌సింగ్ తలపాగా సర్దుకున్నాడు. పొద్దున వేలం ఆపడానికి తానూ వస్తానని మాత్రం అన్నాడు.

తెల్లారి వేలానికి అధికారుల జీపులూ పోలీసు వ్యానూ వచ్చేసరికి ప్లాట్ల గీతలు లేవు. వందల పాదాలు వాటిని తుడిచేశాయి. బరి మళ్లీ గీసి ఉంది, పిల్లలు ఆడుతున్నారు. చుట్టూ తండా మొత్తం నిలబడి ఉంది. షిఫ్టు దిగిన గని కార్మికులు బొగ్గు మొహాలతోనే వచ్చారు. రాత్రే కబురందిన విద్యార్థులు మహబూబాబాద్ హాస్టళ్ల నుంచి మొదటి బస్సుకు వచ్చారు. పిల్లల అభిప్రాయం ఇదివరకే సేకరించామని అధికారి మైకులో ప్రకటించాడు.

“తీస్కున్నరు సారు,” అంది జట్టు కెప్టెన్ మౌనిక. “తీస్కొని ఏం జేసిన్రు?”

“చాయల ముంచుకొని తిన్నరు బిడ్డా,” అన్నాడు వెనకనుంచి ఒక గని కార్మికుడు.

ఎల్లస్వామి పెద్దమనసు చేసుకుని ముందుకు వచ్చాడు. గుంత దిక్కున తన ఖర్చుతో కంచె వేయిస్తానని, పిల్లలు అక్కడికి పోయి హాయిగా ఆడుకోవచ్చని అన్నాడు.

మాన్‌సింగ్ చెప్పులు విడిచి, గీత దాటి, బరి నడుమ కూర్చున్నాడు.

“గుంత నువ్వే తవ్వితివి. కంచె గూడ నువ్వే ఏస్తవు. పోయిన పోరడు మాత్రం మావోడు. మేం లేవం.”

అతని వెనకే కాళి కూర్చుంది. తర్వాత రమేశ్, ఆడవాళ్లు, కార్మికులు, విద్యార్థులు. మోకాళ్లు మోకాళ్లకు తగిలేంతగా బరి నిండింది. ఎడమ మూలలో మాత్రం ఎవరూ కూర్చోలేదు. లాగడానికి వచ్చిన కానిస్టేబుల్‌కు కాలు పెట్టే జాగా అక్కడే కనిపించింది.

“ఆడ నిలవడకు అన్నా,” అంది మౌనిక. “గాడ మనిషున్నడు.”

అతను కింద చూసుకున్నాడు. ఎందుకో కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఈ గొడవకు బాధ్యులెవరో పేర్లు చెప్పమని ఇన్‌స్పెక్టర్ గద్దించాడు. పేర్లు అడిగితే మౌనికకు తెలిసిన పద్ధతి ఒకటే. ఆటకు ముందు పిలిచినట్టే, వరుసగా ఏడు పేర్లు పిలిచింది. రైటర్ రాసుకున్నాడు.

మాన్‌సింగ్‌నూ కాళినీ రమేశ్‌నూ వ్యానులోకి ఎక్కించారు. తలుపు మూస్తుండగా కూర్చున్నవాళ్లు గీతల దాకా జరిగి చోటిచ్చారు, పిల్లలు మళ్లీ బరిలోకి దిగారు; ఒక పాయింటు తెచ్చారు; ఆగారు. ఈసారి పిలిచింది పిల్లలు మాత్రమే కాదు. గుట్టకు తగిలి తిరిగి వచ్చేలా బయలు మొత్తం పిలిచింది, కల్యాణ్‌ను లోపలికి రమ్మని. వ్యాను ఇనప జాలీ వెనక కాళి తల తిప్పి చూసింది. అతను నడిచి రావడానికి పట్టేంత సేపు పోలీసులూ ఆగారు.

వేలం ఆ రోజుకు ఆగిపోయింది. ఆ వారమే మహబూబాబాద్‌లో ఒక బయలులోనూ, లింగాల ఘనపూర్‌లో మరో బయలులోనూ పిల్లలు ఎడమ మూల విడిచి జట్లు కట్టారని కబురు వచ్చింది.

కేసులో ఏడో ముద్దాయి కల్యాణ్. పరారీలో ఉన్నాడని రాశారు.